మన యుత్తర సీమయు మంత్రిపదవులును

ఏటేట మన మహాసభ జరుగునపుడు వెలువడు ఈ సంచికలో, మన కులమువారిలో ఎవరెవరు ఏ యుద్యోగములు చేసిరో, ఎవరు మంత్రులైరో పేళ్లు గూర్చి పటములతో ప్రకటించుట వాడుక. అది తప్పని మేమనము. పోషకులకది ప్రీతి, పిల్లలకది ప్రోత్సాహము. అయినను సంపాదకులు ఈ యేడు మమ్ము వ్యాసము కోరినపుడు మేము వేఱొక త్రోవ త్రొక్కదలచితిమి. శ్రీకాకుళ విజయనగర సీమలకు మంత్రిపదవి యెట్లు వచ్చెను, వచ్చినవారు దానితో నేమి చేసిరి, వారిని పదవినుండి దింపిన వారెవరు అనునవియే మా ప్రశ్నలు. ఇందు తమ వంశమువారి పేరు వెదకి కానని పాఠకులు మమ్ము క్షమింతురుగాక.

పూర్వము మనకు మంత్రి యనగా దివాను. పదునెనిమిదవ శతాబ్దమున విజయనగర సంస్థానమునకు దివానైన సీతారామరాజు రాజునకు సవతి సోదరుడు. పేరునకు సోదరుని సేవకుడైనను, పనికి ప్రభువు. కుంపిణీవారి బాకీలు పెరిగి, తుదకు 1794 జూలై 10వ తేదీన పద్మనాభము యుద్ధములో విజయరామరాజు కూలెను. దివానును నియమించువాడు రాజు, తొలగించువాడు రాజు లేక కుంపిణీ. శిస్తు కట్టు రైతు అభిప్రాయమును ఎవరును అడుగలేదు. ఈ సంగతి మనస్సున నుంచుకొని తక్కిన కథ చదువవలెను.

1919 నాటి చట్టమువలన మదరాసు రాజధానిలో ద్వంద్వ ప్రభుత్వ మేర్పడెను. విద్య, వైద్యము, స్థానిక స్వపరిపాలనము, వ్యవసాయము, ఆబ్కారి మున్నగునవి మంత్రులకును, పోలీసు, ధనము, భూమిశిస్తు, నీటిపారుదల గవర్నరు కార్యాలోచన సభ్యులకును పంచిపెట్టబడెను. అనగా ఖర్చు పెట్టవలసిన శాఖలు మంత్రులవి. సొమ్ము సంచి మాత్రము దొరలది. ఇట్టి సంకెలలోనే 1921 మొదలు 1926 వఱకు విద్యామంత్రిగా నుండినవారు బరంపురము న్యాయవాది అన్నెపు పరశురామదాసు పాత్రోగారు. ఆనాడు చికాకోలు, టెక్కలి, సోంపేట తాలూకాలు గంజాము జిల్లాలోనివే. అవి విశాఖపట్టణము జిల్లాలో చేరినది 1936 లోనే. కావున పాత్రోగారు మన జిల్లావారే యనుట న్యాయము. ఆంధ్ర విశ్వవిద్యాలయపు బిల్లును శాసనసభలో నెగ్గించినవారు వారే. 1926 లో స్థాపితమైన ఆ విద్యాలయము మొదట బెజవాడలో నుండి, పిమ్మట వాల్తేరునకు వచ్చెను. అంతకు ముందు పట్టపరీక్షకై తెలుగు విద్యార్థులు మదరాసు విశ్వవిద్యాలయమునే యాశ్రయింపవలసి యుండెను. మన సభలో నేడు ముందు వరుసలో గూర్చున్న పెద్దలలో ననేకులు ఆ వాల్తేరు కొండమీద చదివినవారే గదా! పట్టము చేతబుచ్చుకొన్నవారిలో పాత్రోగారి పేరెఱిగినవారు మాత్రము అరుదు.

ఇక బొబ్బిలి కథ. శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు 1901 లో జన్మించిరి. 1921 లో గద్దె నెక్కిరి, 1930 లో మదరాసు శాసనసభ్యులైరి. 1932 నవంబరు 5వ తేదీన బి. మునుస్వామినాయుడుగారి స్థానమున మదరాసు ముఖ్యమంత్రి యైనపుడు వారికి ముప్పది రెండవ యేడు నిండలేదు. 1936 లో నాలుగు మాసములు పి. టి. రాజనుగారు ఆ పదవి నలంకరించిరి. ఆ కొలది కాలము తప్ప 1937 ఏప్రిలు 1వ తేదీ వఱకు రాజధాని పరిపాలనము బొబ్బిలివారి చేతనే యుండెను. అఱవదేశము, మలయాళము, కన్నడ ప్రాంతములు, తెలుగు జిల్లాలు అన్నియు గలసిన యంతటి రాజధానికి మన సీమలోని యొక చిన్న కోటనుండి పెద్దమంత్రి వెడలుట సామాన్య విషయము కాదు.

వారి పాలననుగూర్చి రెండు మాటలు చెప్పవలసి యున్నది, రెండును చెప్పుటయే న్యాయము. ఆ మంత్రివర్గ కాలమున 1936 లో ఎస్టేటుభూముల చట్టము సవరింపబడి ఇనాము గ్రామముల రైతులకు జిరాయితీ హక్కు లభించెను. తరతరములుగా "నేడున్నారు, రేపు లేచిపొండు" అనిపించుకొన్న రైతునకు ఇది యల్పమైన మేలు కాదు. అయితే ఇనాముదారుల భూములయెడ చూపిన యౌదార్యము జమీందారుల భూములయెడ చూపలేదనియు జెప్పవచ్చును. ప్రపంచమంతట ధరలు పడిపోయిన కాలమది. ధాన్యము అమ్ముడుపోక రైతులు శిస్తు తగ్గింపుడని మొఱలిడుచుండిరి. శిస్తు గవర్నరుగారి శాఖ గాని మంత్రులది కాదనుట చట్టము ప్రకారము సత్యమే. కాని అప్పుడు మంత్రుల జీతము నెలకు 4,300 రూపాయలకు పైబడియుండెను. మధ్యపరగణాల మంత్రులకు 2,250 రూపాయలే. ఆకలిగొన్నవాడు శాఖల విభజనమును చదువడు, జీతపు అంకెను మాత్రము చదువును. కాంగ్రెసువారు 1931 లో కరాచీ మహాసభయందే ఉద్యోగి కెవ్వరికిని 500 రూపాయలకు మించి జీతము కూడదని తీర్మానించి యుండిరి.

1935 చట్టము ద్వంద్వ ప్రభుత్వమును తీసివేసి శాఖలన్నిటిని మంత్రులకే యిచ్చెను. రాష్ట్రపు పెద్దమంత్రికి ప్రధానమంత్రి యను పేరు వచ్చెను. ఈ పేరుయొక్క విచిత్రము నొకటి చెప్పుదుము. ఇంగ్లండులో వాల్పోలుదొర 1721 నుండి ఆ యధికారము చెలాయించినను, ప్రధానమంత్రికి ఆ పేరిట జీతమిచ్చు శాసనము అచట పుట్టినది 1937 లోనే. ఏటికి పదివేల పౌనులు. ప్రతిపక్షనాయకునికిని ఆ శాసనమే రెండువేల పౌనులు జీతమేర్పఱచెను. రాజుగారి మంత్రిని ఎదిరించువానికి రాజుగారి బొక్కసమునుండియే జీతమా యని మన దివానులు వినియుండిన నివ్వెఱపోయెడివారు. ఐర్లాండులోను అదే సంవత్సరము క్రొత్త రాజ్యాంగము వచ్చి డీ వెలరా "టీషక్" అను పేర ప్రధానమంత్రి యయ్యెను.

ఐర్లాండు పేరు ఊరక యెత్తలేదు. 1937 ఫిబ్రవరి యెన్నికలలో బొబ్బిలి స్థానమున రాజాగారి కెదురు నిలిచినవారు ఆ దేశమున చదివి వచ్చినవారే. వరాహగిరి వేంకటగిరిగారు 1894 లో బరంపురమున జన్మించి, 1913 లో న్యాయశాస్త్రము నభ్యసింప డబ్లినునకు బోయిరి. అచటి స్వాతంత్ర్యోద్యమముతో పొత్తు గలదను అనుమానమువలన 1916 లో దేశము విడువవలసివచ్చెను. తిరిగివచ్చి బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల సంఘమును నడపిరి. ఒకరు కోట గలవారు, ఒకరు కూలివారి సంఘము గలవారు.

1757 జనవరి 24వ తేదీన బుస్సీదొర ఫిరంగులు బొబ్బిలి కోటను పడగొట్టినది మన పల్లెలలో జంగముకథగా నెఱుగనివారు లేరు. ఆ యుద్ధమునకు సరిగా నూట యెనుబది యేండ్ల పిమ్మట జరిగిన యీ రెండవ పోరాటమున ఫిరంగులు లేవు, తాండ్ర పాపయ్య లేడు. రంగువేసిన పెట్టెలు మాత్రముండెను. చదువు రానివారు గుర్తెఱుగుటకై పక్షమునకొక రంగు పెట్టె నిర్ణయించిరి. కాంగ్రెసువారిది పసుపుపచ్చ పెట్టె. ఓటుహక్కు అందఱికిని లేదు. పన్ను కట్టువారు, చదువుకొన్నవారు మున్నగు కొందఱికే. అనగా ఆ దినమున చీటి వేసినవారిలో పెక్కుమంది రాజాగారి ఠాణాలో శిస్తు చెల్లించువారే. పగలు దివాణములో చేతులు కట్టుకొని నిలుచువాడు తెరచాటున ఏ పెట్టెలో చీటి వేసెనో ఎవరికి దెలియును? పెట్టెలు తెఱచి చూడగా గిరిగారు గెలిచిరి. రాజధాని ప్రధానుడు సొంత యూరిలో ఓడెను. శాసనసభలోని 215 స్థానములలో కాంగ్రెసువారికి 159 లభించెను.

ఈ యోటమిని బొబ్బిలివారికి అవమానముగా తలచువారు కలరు. మేమట్లు తలపము. కోట కాలినను తలవంచనివారని ఏ సంస్థానమునకు పేరున్నదో, ఆ సంస్థానాధిపతియే రైతు చీటికి తలయొగ్గి పదవి విడిచెను. తిరిగి రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యులై కూర్చుండి, ఆ చీటిని వయోజనులందఱికి ఇచ్చిన శాసనములో పాలుగొనిరి. 1978 వఱకు జీవించిరి.

1937 వేసవి యొక వింత కాలము. గవర్నర్లు తమ ప్రత్యేకాధికారములను వాడబోమని మాట యిచ్చినగాని పదవులు స్వీకరింపమని కాంగ్రెసువారు మొండికెత్తిరి. ఆ మూడు మాసములకు తాత్కాలిక మంత్రివర్గములు వెలసెను. మదరాసున కూర్మా వేంకటరెడ్డినాయుడుగారు, ఒరిస్సాలో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతిగారు ప్రధానులైరి. సంయుక్త పరగణాలలో ఛతారీ నవాబుగారి మంత్రివర్గమున మన విజయనగర మహారాజకుమారుడు విజయానంద గజపతిగారు మంత్రియైరి. అంతకు ముందటి యేడే వారు ఇంగ్లండులో భారత క్రికెట్టు జట్టునకు నాయకులు. ఆ నాయకత్వమునుగూర్చి ఇంకను వాదములు చల్లారలేదు గాన మేము తొలగిపోవుదుము.

పర్లాకిమిడివారి సంగతి కొంత నిలిచి చెప్పదగినది. ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రమునకై లండను వట్టబల్ల సమావేశమున వాదించినవారు ఆ మహారాజుగారు. వారి పాఠశాలలోనే ఉపాధ్యాయత్వము ప్రారంభించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ పట్టణము ఒరిస్సాలో చేరుటను ప్రతిఘటించిరి. 1936 ఏప్రిలు 1వ తేదీన రాష్ట్ర మేర్పడెను. వృద్ధులైన పంతులుగారు జీవితమంతయు గడపిన యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. (వ్యావహారిక భాషకై పోరాడిన ఆ మహనీయుని గూర్చి గ్రాంథికమున వ్రాయుచున్నందులకు మాకును సిగ్గుగానే యున్నది, సంచిక సంప్రదాయము నతిక్రమింప ధైర్యము చాలలేదు.) పట్టణమును మన్నెమును ఒరిస్సాకు బోగా, పాతపట్నము వైపు భూములు మదరాసుననే నిలిచెను. ప్రధానమంత్రి యొక రాష్ట్రమునకు, జమీందారు రెండు రాష్ట్రములకు! 1937 జూలైలో విశ్వనాథదాసుగారి కాంగ్రెసు మంత్రివర్గము రాగా వారు దిగిపోయి, తిరిగి 1941 నుండి 1944 వఱకు ప్రధానులుగా నుండిరి.

మదరాసున జూలై 14వ తేదీన రాజగోపాలాచారిగారి మంత్రివర్గ మేర్పడెను. ప్రకాశము పంతులుగారికి రెవిన్యూశాఖ, గిరిగారికి పరిశ్రమలు, కార్మికుల శాఖ లభించెను. జీతము 500 రూపాయలు. జమీందారీ రైతుల స్థితి విచారించుటకు ప్రకాశముగారి యాధిపత్యమున సంఘము కూర్చుండి 1938 లో నివేదిక యొసగెను. ఆ కాలముననే ఇచ్ఛాపురమునుండి మదరాసు వఱకు రైతుల రక్షణయాత్ర నడచెను. ఎండలో వానలో నడచిన ఆ కాళ్లే ఆ నివేదికకు బలము. కాని 1939 అక్టోబరులో యుద్ధవిషయమున మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. నివేదిక బీరువాలో చేరెను. 1940 ఏప్రిలులో మందస జమీందారీలో రైతులపై పోలీసులు కాల్పులు జరుపగా గున్నమ్మ యను స్త్రీ నేలకొరిగెను. మంత్రులు పదవి విడుచుట గొప్ప త్యాగమని సభలలో వినుచుందుము. మందస రైతునకు ఆ త్యాగము ఏమి తెచ్చెనో ఎవరును లెక్క వేయలేదు. జమీందారీల రద్దు శాసనము 1948 లో గాని రాలేదు. పది సంవత్సరముల జాప్యము.

1950 ఆగస్టు 15వ తేదీన శ్రీకాకుళము, 1979 జూన్ 1వ తేదీన విజయనగరము జిల్లాలైనవి. తరువాతి కాలమున ఈ సీమనుండి కేంద్రమంత్రులైనవారు కలరు. గ్రామీణాభివృద్ధిమంత్రిగా నుండిన కింజరాపు ఎఱ్ఱన్నాయుడుగారు, 2014 లో పౌరవిమానయానశాఖ చేపట్టిన పూసపాటి అశోక గజపతిరాజుగారు, 2024 లో అదే శాఖ చేపట్టిన రామమోహన నాయుడుగారు పాఠకు లెఱిగినవారే. వారి యుగముపై తీర్పు చెప్పుట చరిత్రకారునికి తొందర.

గిరిగారి కథ మిగిలినది. వారు 1946 లో తిరిగి మదరాసు మంత్రి యైరి, పిదప సింహళమున హైకమిషనరు. 1952 లో పాతపట్నమునుండి లోకసభకు గెలిచి కేంద్ర కార్మికమంత్రి యైరి. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చగా సహింపక 1954 లో పదవి విడిచిరి. 1957 లో పార్వతీపురమున నిలిచిరి. అది రెండు స్థానముల నియోజకవర్గము. ఒకటి గిరిజనులకు ప్రత్యేకము, ఒకటి సర్వసామాన్యము. ఓట్లు లెక్కించగా ముందు నిలిచినవారిద్దఱును గిరిజనులే. ప్రత్యేక స్థానము బిడ్డిక సత్యనారాయణగారికి, సామాన్య స్థానము డిప్పల సూరిదొరగారికి దక్కెను. ఇరువది యేండ్ల క్రిందట రాజు నోడించినవారు ఇప్పుడు మన్యపు దొర చేతిలో ఓడిరి. ప్రత్యేక స్థానమునకు హక్కుగల గిరిజనుడు సామాన్య స్థానము నెట్లు పొందునని గిరిగారు దావా వేసిరి. 1959 లో సుప్రీముకోర్టు సూరిదొర పక్షముననే తీర్పు చెప్పెను. అప్పటికి గిరిగారు లక్ష్నోలో గవర్నరు. అటుపిమ్మట పదియేండ్లకు వారు భారత రాష్ట్రపతి యైరి.