వాననీటి దోనెల శుభ్రత

వాననీటి దోనె అనగా ఇంటి కప్పు మీద పడిన వాననీటిని చూరు వద్ద పట్టి, గొట్టం ద్వారా నేలకు దింపే సన్నని కాలువ. దీనిని జింకు పూత పూసిన రేకుతో గాని, అల్యూమినియంతో గాని, పి.వి.సి.తో గాని తయారు చేస్తారు. దోనెలో ఆకులు, మట్టి పేరుకొన్నచో నీరు పొంగి గోడలలోనికి దిగుతుంది. కావున వీటిని ఏటా శుభ్రపరచుట అవసరం. అయితే ఇది ఎత్తున చేయవలసిన పని కనుక, శుభ్రత కంటె ముందు భద్రతను గురించి ఆలోచించాలి.

తెలుగు ఇళ్ళలో దోనెలు

బంగళా పెంకుల ఇళ్ళలోను, రేకుల ఇళ్ళలోను దోనె చూరు వెంట ఉంటుంది. మండువా లోగిళ్ళలో నాలుగు వైపుల లోపలి కప్పుల నీరు నడుమనున్న మండువాలో పడి తూము ద్వారా వెలుపలికి పోతుంది. రెండు కప్పులు కలిసే మూలలలో వంచిన రేకు పరచి నీటిని మళ్ళిస్తారు. చెత్త ఎక్కువగా చేరేది ఈ మూలలలోనే. డాబా ఇళ్ళకు దోనెలు ఉండవు. పిట్టగోడ అడుగున ఉన్న తూములు, వాటికి తగిలించిన గొట్టాలు ఆ పని చేస్తాయి. శుభ్రత విషయంలో రెండింటికీ వర్తించే సూత్రం ఒకటే.

నిర్లక్ష్యం వలన నష్టాలు

100 చదరపు మీటర్ల కప్పు మీద 1 సెంటీమీటరు వాన కురిస్తే 1,000 లీటర్ల నీరు చేరుతుంది. దారి మూసుకొన్నచో ఈ నీరంతా చూరు దూలాలను, గోడలను, పునాదిని తడుపుతుంది. చెక్క పుచ్చుతుంది, గోడలకు చెమ్మ పట్టి సున్నం పెచ్చులుగా ఊడుతుంది. డాబా మీద నీరు నిలిస్తే స్లాబులోని ఇనుము తుప్పు పట్టవచ్చు.

నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయి. డెంగ్యూ వ్యాధిని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గ్రుడ్డు దశ నుండి దోమగా మారుటకు సుమారు 7 నుండి 10 రోజులు చాలు. దాని గ్రుడ్లు నీరు ఎండిన తరువాత కూడా కొన్ని నెలలు బ్రతికి ఉంటాయి. కనుక నీటిని పారబోసిన తరువాత దోనె లోపలి అంచులను రుద్ది కడగాలి.

ఎప్పుడు శుభ్రం చేయాలి

నైరుతి ఋతుపవనాలకు ముందు, అనగా మృగశిర కార్తె ప్రవేశించులోగా (జూన్ మొదటి వారం) ఒకసారి చేయాలి. కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో ఈశాన్య ఋతుపవనాల వానలు కూడా ఉంటాయి గనుక సెప్టెంబరు చివర మరొకసారి చేయుట మంచిది. ఇంటిపై వేప, చింత వంటి చెట్ల కొమ్మలు వాలి ఉన్నచో మధ్యలో కూడా చూస్తూ ఉండాలి. వాన కురిసేటప్పుడు, గాలి వీచేటప్పుడు, ఉరుములు వినిపించేటప్పుడు ఈ పని చేయరాదు.

భద్రతా నియమాలు

* ఒంటరిగా నిచ్చెన ఎక్కరాదు. క్రింద ఒకరు నిచ్చెనను పట్టుకొని ఉండాలి.
* నిచ్చెనను గట్టి, సమతలమైన నేల మీద నిలపాలి. ప్రతి 4 అడుగుల ఎత్తుకు అడుగుభాగం గోడ నుండి 1 అడుగు దూరంలో ఉండాలి. ఉదాహరణకు 12 అడుగుల ఎత్తుకు 3 అడుగులు.
* నిచ్చెనను దోనెకు ఆనించరాదు. దోనె బరువుకు వంగి ఊడిపోగలదు.
* రెండు కాళ్ళు, ఒక చేయి ఎల్లప్పుడు నిచ్చెనపై ఉండాలి. ప్రక్కకు వంగి అందుకొనుటకు బదులు, దిగి నిచ్చెనను జరుపుకోవాలి.
* విద్యుత్ స్తంభం నుండి ఇంటికి వచ్చే తీగ తరచు చూరు దగ్గరే ఉంటుంది. దాని సమీపంలో పని చేయరాదు. అల్యూమినియం నిచ్చెన గుండా, తడిసిన వెదురు నిచ్చెన గుండా కూడా విద్యుత్తు ప్రవహిస్తుంది.
* పెంకుల మీద, సిమెంటు రేకుల మీద అడుగు పెట్టరాదు. పాతబడిన రేకులు హఠాత్తుగా విరుగుతాయి. ఆస్బెస్టాస్ రేకులను గీకరాదు, దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం.
* ఆకుల క్రింద తేళ్ళు, చూరు వద్ద కందిరీగల పట్టు ఉండవచ్చును. ముందుగా కర్రతో కదిపి చూడాలి.

తల తిరుగుడు ఉన్నవారు, వృద్ధులు ఈ పనిని ఇతరులకు అప్పగించాలి. రెండంతస్తుల ఇళ్ళకు పనివారిని పిలుచుటే మేలు. ఎవరైనా పడిపోయినచో వారిని వెంటనే లేవదీయక, మెడను, వెన్నును కదల్చకుండా 108 కు ఫోన్ చేయాలి.

శుభ్రపరచే విధానం

1. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ ధరించాలి. పక్షుల రెట్టలు ఉన్నచో ముందు నీరు చల్లి తడపాలి.
2. గొట్టం ఉన్న చివర నుండి మొదలుపెట్టి, చిన్న తాపీతో చెత్తను తీసి, నిచ్చెనకు కొక్కెంతో తగిలించిన బకెట్‌లో వేయాలి. చెత్తను గొట్టంలోనికి నెట్టరాదు.
3. గొట్టం మూసుకొన్నచో అడుగు నుండి వెదురు బద్దతో కదపాలి.
4. చివరగా ఎగువ నుండి ఒక బకెట్ నీరు పోసి పరీక్షించాలి. నీరు నిలిచినచో వాలు చాలదని అర్థం. సాధారణంగా 10 అడుగుల పొడవుకు పావు నుండి అర అంగుళం వాలు ఉంచుతారు. కారే అతుకులను ఎండిన తరువాతనే సీలెంటుతో మూయాలి.

గొట్టం మూతి వద్ద జాలీ అమర్చుట వలన శ్రమ తగ్గుతుంది గాని, జాలీని కూడా అప్పుడప్పుడు తుడవాలి.

వాననీటి నిల్వ

దోనె నీటిని ఇంకుడు గుంతకు గాని, తొట్టెకు గాని మళ్ళించవచ్చును. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం వాననీటి సేకరణకు ప్రాధాన్యమిచ్చింది. మొదటి వాననీటిలో కప్పు మీది దుమ్ము, రెట్టలు కలిసి ఉంటాయి గనుక ఆ నీటిని తొట్టెలోనికి పంపక బయటికి విడిచిపెట్టాలి. తీసిన ఆకులను పారవేయక ఎరువు గుంతలో వేసినచో మొక్కలకు ఉపయోగపడతాయి.