మలారం దించిన మనిషి: కైవార తాతయ్య కథలో దైవాదేశం, లోకరీతి

బెంగళూరు బళేపేట గాజుల బేరానికి పేరుపడ్డ పాతపేట. ఈ బేరమంతా లెక్క. రెండు-నాలుగు సైజంటే రెండంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు నాలుగు; అంత సన్నని తేడాకే గాజు చేతికి పట్టదు. తొడిగేటప్పుడు చిట్లితే నష్టం అమ్మేవాడిదే. అరువివ్వకు, పెట్టుబడి తినకు అన్నదే ఇక్కడి లోకజ్ఞానం. తెలుగు మాట్లాడే గాజుల బలిజలకు ఇది తరాల వృత్తి. ఆ వృత్తిలో ఓడిపోయిన మనిషినే బలిజలు గురువుగా కొలవడం ఎలా సాధ్యమైంది?

ఆయన కైవార తాతయ్య, యోగి నారేయణ. ఊరు చింతామణి తాలూకా కైవారం. 1726లో పుట్టి 1836లో సమాధి అయ్యారని సంప్రదాయం. ఆ నూట పదేళ్ళను చరిత్రగా ఒప్పుకోనక్కర్లేదు. నేను చూస్తున్నది కథ అల్లికను. తాతయ్య గాజుల మలారం మోసుకుని ఊళ్ళు తిరిగేవాడు. డబ్బు లేనివాళ్ళకూ గాజులు తొడిగేవాడు. ఇంటికి వట్టి చేతులతో వస్తే భార్య కోప్పడేది. చివరికి పరదేశి స్వామి అనే గురువు ఎదురై అష్టాక్షరి మంత్రం ఉపదేశించి, నోట్లో గులకరాయి పెట్టుకుని జపించమన్నాడు, అది కలకండ అయ్యేదాకా. నరసింహ గుహలో తపస్సు తరవాతే తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు, కాలజ్ఞానం వచ్చాయి.

ఇక్కడ దైవాదేశం కలగానో శకునంగానో రాలేదు. గురువు నోట వచ్చింది, వెంటనే సాధన అడిగింది. ఏ బేరం చెయ్యాలో దేవుణ్ణి అడిగే నేటి మొక్కుబడి భక్తికీ దీనికీ పొత్తు కుదరదు. తాతయ్యకు దారి చూపిన దేవుడు వ్యాపారం నిలబెట్టలేదు.

భద్రాద్రి రామదాసు కథతో పోలిస్తే తేడా తెలుస్తుంది. ఆ రామదాసే, పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, సర్కారు పన్ను భద్రాద్రి గుడికి ఖర్చుపెట్టి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. రామలక్ష్మణులే వచ్చి సుల్తాను తానీషాకు ఆరు లక్షలు చెల్లించారని ఐతిహ్యం. అక్కడ ఖాతా సరిపోయింది. దేహూ సంత్ తుకారాం తనకు రావలసిన అప్పుల పత్రాలను ఇంద్రాయణి నదిలో పడేశాడంటారు. అక్కడ వసూలే లేదు. తాతయ్య తుకారాం పక్షం. తీరని బాకీ తీరనట్టే ఉండిపోయింది. కథలో నాకు నిజాయితీ కనిపించేది ఇక్కడే.

అయితే ఆ బాకీ మోసిందెవరు? ఈ కథలు చెప్పేవారు భార్యను గయ్యాళిని చేసి ఊరుకుంటారు. పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో గింజలు లేవన్న మాట గయ్యాళితనం ఎలా అవుతుంది? లోకరీతి అని మనం తీసిపారేసేది చాలాసార్లు ఇంటి ఆడమనిషి పెట్టిన లెక్కే. దైవాదేశం నమ్మి నడిచినవాడి ధైర్యాన్ని ఒప్పుకుంటాను. దాని ఖరీదు తన ఒక్కడిదే అన్నట్టు రాసిన చరితను మాత్రం ఒప్పుకోలేను.

తాతయ్య తెలుగు రచనలు కన్నడ లిపిలో అచ్చై బెంగళూరు, చిక్కబళ్ళాపుర భజన గోష్ఠుల్లో బతుకుతున్నాయి. వాటిని పరిష్కరించి తెలుగు లిపిలో తేవలసిన బాధ్యత మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలది. ఆ పని చేపట్టేవారు కీర్తనలతోపాటు, తాతయ్య ఇంటి కథలను భజనమేళాల ఆడవాళ్ళ నోట కూడా విని రాసుకోవాలి.