లంబాడీ బట్ట చరిత్ర: మన ఆడవాళ్ల సూది పని, రంగులు, నేటి బతుకుదెరువు

లంబాడీ బట్ట అనగానే అద్దాలు, గవ్వలు, ఎర్రని గుడ్డ అని బయటివాళ్లు చెప్పుకుంటారు. సభల్లో స్వాగతం పలకడానికి, ఫోటోలు దిగడానికి ఆ బట్ట కావాలి. కానీ దాన్ని ఎవరు రూపొందించారు, ఆ రంగు ఎక్కడిది, ఆ పనికి ఎంత గిట్టింది అని అడిగేవారు తక్కువ. సూది పని, రంగు పని చేసుకుని బతుకుతున్న మేము కొద్దిమందిమి తండా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ చరిత్రను ఈ సంచికలో చెప్పదలచుకున్నాం.

ఎడ్ల మీద పత్తి, ఉప్పు

రైళ్లు, లారీలు లేని కాలంలో దేశానికి సరుకు మోసింది మన పూర్వీకులే. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లిష్ ప్రయాణికుడు ఉత్తరాదిలో ఒక బంజారా తండాను చూసి, అందులో 14,000 ఎడ్లు ఉన్నాయని, అన్నిటి మీదా ధాన్యం ఉందని రాసుకున్నాడు. దక్కన్ వైపు మనవాళ్లు బీరారు పత్తిని తూర్పు తీరానికి చేర్చి, తిరుగు దారిలో ఉప్పు తెచ్చేవారు. తీరంలో ఆ పత్తి నూలై, బట్టై, రంగు పూసుకుని ఓడలెక్కేది. మచిలీపట్నం అద్దకపు బట్టల పేరు దేశదేశాలకు పాకిన రోజులవి. ఆ పేరు వెనుక మన ఎడ్ల గిట్టల శ్రమ కూడా ఉంది.

ఎప్పుడూ దారిలో ఉండే కుటుంబానికి మగ్గం పెట్టుకునే వీలు ఉండదు. రంగు తొట్టెలు మోసుకుపోవడమూ కుదరదు. అందుకే నేసిన, రంగేసిన గుడ్డ సంతలో దొరికేది. ఆ గుడ్డను బట్టగా మార్చడం మాత్రం పూర్తిగా మన ఆడవాళ్ల చేతి పని.

ఆ ఎరుపు ఎక్కడిది?

తెలుగు తీరంలో పాతకాలపు ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణా తీరాన నిజాంపట్నం చుట్టుపక్కల దొరికే చిరివేరుకు 17వ శతాబ్దపు వ్యాపారుల్లో మంచి పేరు. వేరును ఉడికిస్తే చాలదు. ముందు గుడ్డను కరక్కాయ నీటిలో నానబెట్టాలి, తర్వాత పటిక పట్టించాలి. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. పటికకు బదులు ఇనుప నీరు పట్టిస్తే కరక్కాయతో కలిసి నలుపు వస్తుంది.

నీలం దారి వేరు. నీలి ఆకును నీటిలో పులియబెట్టి తీసిన నీలిమందు మామూలు నీటిలో కరగదు. తొట్టెలో సున్నం కలిపి మళ్లీ పులియబెడితేనే గుడ్డకు ఎక్కుతుంది. తొట్టెలోంచి తీసినప్పుడు గుడ్డ పసుపుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాక కళ్ల ముందే నీలంగా మారుతుంది. కడప ప్రాంతపు నీలిమందు ఒకప్పుడు విదేశాలకు ఎగుమతి అయ్యేది. మన అడవి మోదుగ పూలను ఉడికించి హోళీకి రంగు తీయడం తండాల్లో పెద్దలకు ఇప్పటికీ తెలుసు. పటిక కలిపితే ఆ పూలే గుడ్డకు పసుపు రంగునిస్తాయి.

యాడి చేతి కుట్టు

కాంచళి, పేట్యా, టుక్రి. ఈ మూడూ కలిస్తే మన ఆడవాళ్ల పూర్తి బట్ట. కాంచళికి ముందువైపు నిండా కుట్టు, వెనుక తాళ్లు. పేట్యాకు నడుము పట్టీ మీద, అంచుల మీద పని. టుక్రికి తల మీద వచ్చే భాగంలో అద్దాలు, నాణేలు, గవ్వలు. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టులో 14 రకాల కుట్లు లెక్కకు వచ్చాయి. కిలన్, వేలె, బక్యా, మకి, రేలో, గద్రి, నక్రా వాటిలో కొన్ని. ఈ పేర్లు ఏ కాలేజీ పుస్తకంలోంచో రాలేదు. యాడి పక్కన కూర్చుని కూతురు నేర్చుకుంటే వచ్చాయి.

ఏ రంగు ముక్క పక్కన ఏ ముక్క పడాలి, అద్దం ఎక్కడ రావాలి అన్నది కుట్టే మనిషే నిర్ణయించేది. ఇవాళ పట్నంలో దీన్ని డిజైనింగ్ అంటారు, దానికి ఫీజు తీసుకుంటారు. మన నానమ్మలు ఆ పనే చేశారు. వాళ్లను డిజైనర్లు అని ఎవరూ పిలవలేదు, అంతే తేడా.

రైలు, రసాయన రంగు

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. లైను వేసిన చోటల్లా ఎడ్ల రవాణాకు పని తగ్గింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం, దాని తర్వాతి చట్టాలు సంచారంలో బతికే వాళ్లను అనుమానితులను చేశాయి. మనవాళ్లు తండాలు కట్టుకుని సేద్యానికి, కూలికి దిగారు.

అదే కాలంలో రంగూ మారింది. 1856లో పెర్కిన్ మొదటి రసాయన రంగు కనిపెట్టాడు. 1869లో వేరు ఎరుపుకు, 1897లో నీలిమందుకు రసాయన రూపాలు బజారుకొచ్చాయి. చిరివేరు తవ్వేవాళ్లకు, నీలి పండించేవాళ్లకు బేరం పోయింది. రంగు చవకై అందరికీ అందింది, ఆ మేలు కాదనలేం. పోయింది మాత్రం తెలివి. ఏ ఆకుకు ఎంత పటిక అన్న లెక్క చేతులు మారకుండానే ఆగిపోయింది.

తర్వాత బట్ట కూడా ఒంటి మీద నుంచి దిగుతూ వచ్చింది. పొలం పనికి బరువైంది, బడిలో, బస్సులో వెక్కిరింపైంది. పెట్టెలో మిగిలిన పాత కాంచళ్లను తిరుగుడు వ్యాపారులు కొనుక్కుపోయారు. వాటిని ముక్కలు చేసి సంచులుగా, దిండు గలీబులుగా మళ్లీ కుట్టారు. గోవా అంజునా సంతలో ఆ సరుకు కొనే విదేశీయులకు కుట్టిన మనిషి పేరు తెలియదు.

మరి ఇప్పుడు?

ఈ పనితో బతకొచ్చా అని చెల్లెళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. లెక్క వేసి చూడండి. ఒక కాంచళికి రోజుకు 5 గంటల చొప్పున 15 రోజులు పట్టిందనుకుందాం. మొత్తం 75 గంటలు. గుడ్డ, దారం, అద్దాలకు 600 రూపాయలు పోయి, బట్ట 3,000కు అమ్ముడైతే చేతికి మిగిలేది 2,400. అంటే గంటకు 32 రూపాయలు. "చాలా ఎక్కువ చెబుతున్నావమ్మా" అని బేరమాడే వాళ్లకు ఈ లెక్క చెప్పడం నేర్చుకోండి. గంటలు రాసిపెట్టుకోని చేతిపని ఎప్పుడూ నష్టానికే అమ్ముడవుతుంది.

సండూరు మహిళలు సంఘంగా నిలబడ్డారు. వాళ్ల కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జరిగిన జి-20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబాడీ మహిళలు చేసిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. అయితే ఆ గుర్తింపు సండూరు పేరుకే. మన తండాల కుట్టును ఆ పేరుతో అమ్మడానికి లేదు. మన పనికి మన పేరు మనమే నిలబెట్టుకోవాలి.

అందుకు ముందుగా చేయాల్సినవి చిన్న పనులే. ఇంట్లో మిగిలిన పాత బట్టను ముక్కలు కానివ్వకండి. దాన్ని ఫోటో తీసి, కుట్టిన అవ్వ పేరు, తండా పేరు రాసిపెట్టండి. ప్రతి కుట్టుకూ గోర్ బోలిలో ఉన్న పేరు అడిగి తెలుగు లిపిలో రాసుకోండి. రసాయన రంగు వాడితే ఆ మాటే చెప్పి అమ్మండి, ఆకు రంగు అని అబద్ధమాడకండి. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటుతోందో లేదో అమ్మేముందు మీరే చూసుకోండి.

పత్తి మోసిన ఎడ్లు పోయాయి, చిరివేరు తొట్టెలు పోయాయి. కుట్టు తెలిసిన అవ్వలు మాత్రం ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ సెలవుల్లో సెల్‌ఫోన్ పక్కన పెట్టి ఒక్క కుట్టయినా వాళ్ల దగ్గర నేర్చుకోండి.