నూర్‌బుర్గ్‌రింగ్‌కు వచ్చిన ఇంటి కారు

జర్మనీదేశమున ఐఫెల్ కొండల నడుమ 1927లో తెరవబడిన నూర్‌బుర్గ్‌రింగ్ పందెపుబాట, పందెగాండ్రకు మాత్రమే గాక, సుంకము చెల్లించి స్వంత వాహనముతో వచ్చిన గృహస్థునకును ఆదినుండియు ప్రవేశ మొసగినది. ఈ ఔదార్యమే దాని చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన యంశము. 1976 ఆగస్టు 1వ తేదీన ఫార్ములా వన్ పందెగాడు నికీ లౌడా అచ్చట అగ్నికీలలలో చిక్కి మృత్యుముఖమునుండి బయటపడిన పిదప ఫార్ములా వన్ ఆ కొండబాటను విడిచిపోయెను. ఆ యేడే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ, 110 అశ్వశక్తుల ఇంజనుతో, సంతకును బడికిని పోవు చిన్నకారు రూపముననే విపణికి వచ్చెను.

అట్టి కారును బాట కెక్కింపదలచినవారు ఇంజనుకంటె ముందు బ్రేకులను జూచుకొనవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను మెల్లగా పీల్చుకొనును. 20 కిలోమీటర్లకు మించిన ఆ చుట్టులో, మలుపు వెంబడి మలుపున నొక్కగా నొక్కగా అది వేడెక్కి, ఆ నీరు ఆవిరియై బుడగలు గట్టినచో, పెడలు మెత్తగా నేలవరకు దిగిపోవునే గాని బండి నిలువదు. కావున పాత ఆయిలును తీసివేసి క్రొత్తది నింపి, చక్రముల బోల్టులు బిగించి, టైర్లలో గాలి సరిచూచి, డిక్కీలోని జాకీ మొదలుకొని పిల్లల గొడుగు వరకు సమస్తమును దింపి బయలుదేరుదురు. మరునాటి యుదయమున ఆ గొడుగుతోనే ఆ బండి బడి ముంగిట నిలుచును.