డిచ్‌పల్లి సూదులు

“గా సూదులామె దగ్గరికి ఒక్కసారి వచ్చి సూడు వదినె, నీ మోకాళ్ళు నిమ్మళం కాకుంటే నన్నడుగు” అని మా పక్కింటి వదినె నెల రోజులుగా ప్రాణం తీస్తోంది. ఆవిడది బోధన్. వాళ్ళాయన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరూ నిజామాబాదు వచ్చి మా పక్కన దిగారు. మనిషి మంచిది, మాట ఎక్కువ. ఒక మంగళవారం నాడు నేనూ బయల్దేరాను.

ఒక దుకాణం పైన రెండు గదులు. బెంచీల మీద అంతా నా వయసు వాళ్ళూ, నాకంటే పెద్దవాళ్ళూ. చైనా సూది వైద్యమంటే భయపడ్డాను గానీ ఆ సూదులు వెంట్రుకల్లా ఉన్నాయి, చీమ కుట్టినట్టయింది, అంతే. పక్క బల్ల మీద వదినె పడుకుని కొడుకు కాపురం గురించి చెబుతోంది. ఆవిడ పాదాల మీద నాలుగైదు సూదులు నిలబడి ఉన్నాయి.

“నొప్పి పుట్టలేదా?” అన్నాను.

“పెట్టిందా ఏంది అప్పుడే?” అంది తల ఎత్తి చూసుకుంటూ.

“శక్తి అడ్డుపడిందమ్మా. పది సిట్టింగులైతే తిమ్మిరి పోతుంది” అంది సూదులామె.

నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. సూది దిగినా తెలియని చోటు గురించి మా నాయనమ్మ దగ్గర విన్నాను మరి.

నాయనమ్మకు ఒక మేనత్త ఉండేదట. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ. ఒకనాడు కట్టెల పొయ్యి దగ్గర ఆ చోట చర్మం కాలి బొబ్బ లేచింది. పక్కనున్నవాళ్ళు కేకేస్తే తప్ప ఆవిడకు తెలియలేదు. పెద్దరోగమని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒక రాత్రి ఎవరూ చూడకుండా బండి కట్టి డిచ్‌పల్లి దవాఖానకు పంపారు. ఇది 1930ల నాటి మాట. మూడేళ్ళకు తిరిగి వచ్చిందట. పశువుల కొట్టం పక్కన ఒక పాక, వేరే చెంబు, వేరే కంచం. ఆవిడ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నాయనమ్మ కూడా చివరిదాకా “మా మేనత్త” అనే అంది.

అయితే ఏడెనిమిదేళ్ళ పిల్ల కదా, నాయనమ్మ దొంగచాటుగా ఆ పాకలోకి పోయి కూచునేదట. “అక్కడ ఏం చేసిన్రు అత్తమ్మా?” అని అడిగితే, “సూదులు పొడిచిన్రు బిడ్డా, మచ్చ చుట్టూత, నూనె సూదులు” అని చెప్పేదట.

ఏమిటీ నూనె సూదులు అని నేను పుస్తకాలు వెతకడం మొదలుపెట్టింది ఆ మంగళవారం రాత్రే.

డిచ్‌పల్లి నిజామాబాదుకు కూతవేటు దూరం. ఇప్పుడైతే అందరికీ తెలంగాణ యూనివర్సిటీ, గుట్ట మీది రామాలయం గుర్తొస్తాయి. మా చిన్నతనంలో మాత్రం ఎవరైనా “డిచ్‌పల్లి పోతున్నా” అంటే ఎదుటి మనిషి కళ్ళు ముందు వాళ్ళ వేళ్ళ మీద పడేవి. కుష్ఠు దవాఖాన ఊరు అది.

దాన్ని పెట్టింది ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ, ఆవిడ భర్త జార్జ్ కెర్ పాదిరీగారు. ఆడపిల్లలు వైద్యం చదవడమే విడ్డూరమైన రోజుల్లో, 1903లో ఆవిడ అబర్డీన్‌లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. 1907లో ఇద్దరూ హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. ఇందూరుకు నిజామాబాదు అని కొత్త పేరు పెట్టి అప్పటికి రెండేళ్ళే. జ్వరాలకూ పురుళ్ళకూ వచ్చేవాళ్ళతో పాటు ఇంట్లోంచి గెంటేసినవాళ్ళు కూడా వచ్చి గుమ్మం ముందు కూచునేవారు. వాళ్ళ కోసం 1911లో ఒక చిన్న ఆశ్రయం కట్టారు. అది ఏ మూలకూ చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ ముందుకొచ్చి డబ్బిచ్చారు. ఆయన మన ఊరి దాత. అవతల క్రైస్తవ మిషను, ఇవతల హిందూ గృహస్థు, పైన నిజాం సర్కారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి లేచింది. మన ప్రాంతంలో నిజాంసాగర్ కంటే, చక్కెర ఫ్యాక్టరీ కంటే ఈ దవాఖానే ముందొచ్చింది సుమండీ. నిజాంసాగర్ పని 1923లో మొదలైంది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ 1937లో వచ్చింది.

ఇక నూనె సంగతి. అది దొరల మందని నేననుకున్నాను. కాదు, మనదే! పడమటి కనుమల్లో పెరిగే ఒక చెట్టు గింజల నూనె. సుశ్రుతుడు దాన్ని తువరకం అన్నాడు, కుష్ఠుకు వాడమన్నాడు. దానికి చుట్టమైన చాల్‌మోగ్రా చెట్టు అస్సాం, బర్మా అడవుల్లో ఉంది. 1854లో మౌవాట్ అనే డాక్టరు కలకత్తాలో రోగులకు ఆ నూనె ఇచ్చి చూసి, బాగానే ఉందని రాశాడు. అప్పట్నించి పడమటి వైద్యులు దాని వెంట పడ్డారు. వచ్చిన చిక్కల్లా ఒకటే. అది గొంతు దిగదు. తాగితే వాంతులు, కడుపులో దేవినట్టు. రోగానికి భయపడాలో మందుకు భయపడాలో తెలియని పరిస్థితి. సరే, సూదితో ఎక్కిద్దామంటే అది చిక్కటి నూనె, ఒంట్లో ఇంకదు, ఎక్కించిన చోటల్లా గడ్డ కడుతుంది.

ఈ చిక్కు విప్పినవాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. హవాయి దీవుల్లో ఆలిస్ బాల్ అనే నల్లజాతి అమ్మాయి, కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పేది. 1915లో, అంటే డిచ్‌పల్లిలో ఆస్పత్రి లేచిన ఏడే, ఆ నూనెను పలచబరచి ఒంట్లో ఇంకేలా చేసే ఉపాయం కనిపెట్టింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు. మరుసటి ఏడాది డిసెంబరు 31న చచ్చిపోయింది. ఆ కాలేజీ పెద్దాయన ఆ పనిని తన పేరుతో అచ్చేసుకున్నాడు. ఆమెతో పనిచేసిన ఒక డాక్టరు 1922లో “ఇది బాల్ పద్ధతి” అని రాసినా ఎవరికీ పట్టలేదు. 2000లో గానీ అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు చాల్‌మోగ్రా చెట్టు కింద ఆమె పేర ఒక ఫలకం పెట్టలేదు. వంట ఒకరిది, వడ్డన ఇంకొకరిది. మనకు కొత్తా ఏమిటి!

కలకత్తాలో మ్యూర్ అనే ఇంకో స్కాట్లండు డాక్టరు ఈ నూనె సూదుల పద్ధతిని దేశమంతా వ్యాపింపజేశాడు. డిచ్‌పల్లిలోనూ అదే వైద్యం. ముందు ఈకతోనో గుండుసూదితోనో మచ్చ మీద తాకి, కళ్ళు మూసుకుని చెప్పమనేవారు, తెలుస్తోందా లేదా అని. తెలియని చోటుకు హద్దు గీసేవారు. ఆ తర్వాత వారం వారం ఆ మచ్చలోనే చిన్న చిన్న పోట్లుగా నూనె ఎక్కించేవారు. స్పర్శ ఉన్న అంచు దగ్గరికి వచ్చేసరికి ప్రాణాలు పోయేవట. 1923లో ప్రభుత్వం ఇసబెల్‌కు కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932 జనవరిలో ఆవిడ పోయింది. మా నాయనమ్మ మేనత్తకు సూది పొడిచింది ఆవిడ కాదన్నమాట, ఆవిడ తర్వాతి వాళ్ళెవరో.

ఇంతకీ నూనె పని చేసిందా?

ఇక్కడే నాకు చాలాసేపు పుస్తకం ముయ్యబుద్ధి కాలేదు. కొందరికి మచ్చలు మానాయి, కొందరికి మళ్ళీ వచ్చాయి. తొలి దశలో వచ్చే మచ్చలు కొన్ని ఏ మందూ లేకుండా వాటంతటవే మానతాయని తరవాత తేలింది. అంచేత నూనె గొప్పతనం ఎంతో డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. మ్యూర్ అయితే సూదొక్కటే చాలదని పదే పదే చెప్పాడు. కడుపునిండా మంచి తిండి, ఒంటికి పని, ఇతర జబ్బులకు వైద్యం, ఇవన్నీ కలిస్తేనే అన్నాడు. ఊరి బయట చెట్టు కింద పడి ఉన్న మనిషికి మూడు పూటలా అన్నం, పుండ్లు కడిగి కట్టు, చేయడానికి తోటపని దొరికితే సగం మనిషి లేచి కూచోడూ?

నాయనమ్మను ఒకసారి అడిగాను, మీ మేనత్తకు నూనె గుణం ఇచ్చిందా అని. “మందు సంగతి ఆమెకే ఎరుకలేదు బిడ్డా. గానీ ఆడ ఒక నర్సమ్మ ఈమె చెయ్యి పట్టుకొని కట్టు కట్టేదట. గదే చెప్పి చెప్పి ఏడ్సేది. ఇంటికొచ్చినంక మళ్ళ ఎవ్వలు ముట్టలే” అంది.

డిచ్‌పల్లి వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది మాత్రం ఈ పట్టుకున్న చేతి వల్ల ఒక్కటే కాదు. అక్కడ కొన్నాళ్ళు పనిచేసిన డాక్టర్లలో జాన్ లో అనే ఆయన ఉన్నాడు. ఎన్ని వేల నూనె సూదులు పొడిచి ఉంటాడో! తర్వాత కలకత్తా వెళ్ళాడు, అక్కణ్ణించి ఆఫ్రికాలో నైజీరియాకు వెళ్ళాడు. 1940ల చివర్లో అక్కడి ఉజువాకోలి ఆస్పత్రిలో డాప్సోన్ అనే చవక మాత్రను నోటితోనే కొద్ది మోతాదులో ఇచ్చి, అది పనిచేస్తుందని చూపిన తొలి డాక్టర్లలో ఆయనొకడు. మన దక్షిణాదిలో కాక్రేన్ అనే డాక్టరు కూడా అప్పుడే దాన్ని వాడి చూశాడు. దాంతో రెండు వేల ఏళ్ళ నూనె మూలకు పోయింది. 1982 నుంచి మూడు మందులు కలిపి ఇస్తున్నారు, నెలల్లో నయమవుతోంది. “మా నూనె సుశ్రుతుడి నాటిది, ఎవడా మాట్లాడేది!” అని పట్టుపట్టి కూచోలేదు వాళ్ళు. తాము జీవితమంతా పొడిచిన సూదిని తామే పక్కన పెట్టేశారు. అది చిన్న సంగతి కాదు. మా ఇంట్లో పసుపు డబ్బా చోటు మార్చాలన్నా మా అత్తగారితో మూడు రోజుల యుద్ధం.

చైనా సూదులకూ మన దేశంలో ఒక కథ ఉంది. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకు కాంగ్రెసు వాళ్ళు అయిదుగురు డాక్టర్లను పంపారు. సోలాపూర్ కోట్నీస్ అక్కడే 1942లో పోయాడు. ఆయనతో పాటు వెళ్ళిన కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1958లో మళ్ళీ చైనా వెళ్ళి ఈ సూదుల విద్య నేర్చుకుని వచ్చాడు. మన దేశంలో దీనికి ఆయనే మొదలు. మోకాళ్ళ నొప్పులకు దీన్ని జర్మనీలో వెయ్యి మందికి పైగా పెట్టి చూసి 2006లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి శాస్త్రం చెప్పిన చోట్ల గుచ్చారు, కొందరికి ఏదో ఒక చోట పైపైన గుచ్చారు. మామూలు వైద్యం చేయించుకున్న వాళ్ళకంటే ఈ రెండు రకాల వాళ్ళకీ ఎక్కువ గుణం కనిపించింది. ఆ రెండు రకాల మధ్య మాత్రం తేడా లేదు! ఎక్కడ గుచ్చినా ఒకటే అయితే గుణమిచ్చింది ఏమిటి? పడుకోబెట్టి అరగంట సేపు మన గోడు వినడమా? నాకు నర్సమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

మోకాలి నొప్పికి అలా వెళ్ళి పడుకున్నా నష్టం లేదు. తిమ్మిరెక్కిన పాదం సంగతి వేరు. డిచ్‌పల్లిలో సూది ముందు ఒక ప్రశ్న అడిగేది, నొప్పి తెలుస్తోందా అని. తెలియదంటే అప్పుడు అసలు రోగాన్ని వెతికేవారు. మా వదినె పాదం “తెలియదు” అని జవాబిచ్చేసింది. ఆ జవాబును ఎవరూ వినిపించుకోలేదు, నేను తప్ప.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆవిడ పాదాలు తిప్పి చూశాను. కుడి అరికాలి కింద చెప్పు మేకు దిగి పుండు. ఎన్నాళ్ళదో ఆవిడకు తెలియదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, “నాకు గా రోగం గిట్ల లేదు కదా వదినె?” అంది. ఆ పేరు ఎత్తడానికి ఇప్పటికీ ఎంత భయమో! “ఏదైనా సరే, ఇప్పుడు మందుంది” అన్నాను.

కుష్ఠు కాదు. రక్త పరీక్షలో షుగరు మూడు వందల పైన ఉంది. బోధన్ మనిషికి చక్కెర రోగం! వాళ్ళాయన అయితే, ఫ్యాక్టరీ మూసినా చక్కెర మా ఇంటిని వదల్లేదన్నారు. నరాలు మొద్దుబారాయనీ, ఇంకొన్నాళ్ళు అశ్రద్ధ చేస్తే వేలు తీసేయాల్సి వచ్చేదనీ డాక్టరు చెప్పారు. ఇప్పుడు మాత్రలు మింగుతోంది, రోజూ అరికాళ్ళు అద్దంలో చూసుకుంటోంది. పుండు మానుముఖం పట్టింది.

సూదులామె దగ్గరికి మాత్రం మానలేదు. “కాళ్ళకొద్దని చెప్పిన. మోకాళ్ళకే పెట్టించుకుంట. ఆమె మంచిగ మాట్లాడతది వదినె” అంది.

వచ్చే మంగళవారం నన్నూ రమ్మంది. వెళ్ళాలి. వానాకాలం వచ్చిందంటే చాలు, నా ఎడమ మోకాలు అసలు మాట వినదు.