మూత్రం ఆపుకోలేని ఇబ్బంది: కటి కండరాల వ్యాయామాలు, బయోఫీడ్‌బ్యాక్ చరిత్ర

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా నాలుగు చుక్కలు జారిపోవడం ఒక రకం. మూత్రం వస్తోందనిపించాక మరుగుదొడ్డికి చేరేలోపే బట్టలు తడిసిపోవడం ఇంకో రకం. మొదటిదాన్ని ఒత్తిడి వల్ల వచ్చేదనీ, రెండోదాన్ని తొందర వల్ల వచ్చేదనీ వైద్యులు విడదీస్తారు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మంచానికి అల్లిన నవారులా మూత్రాశయాన్నీ, గర్భసంచినీ, పెద్దపేగు చివరినీ కింది నుంచి మోసేవి కటి కండరాలు. కాన్పులతో, వయసుతో, ముట్లు ఆగిపోవడంతో అవి వదులవుతాయి. వాటిని మళ్లీ బిగువెక్కించే వ్యాయామాలకూ, ఆ పని సరిగా జరుగుతోందో లేదో చూపించే బయోఫీడ్‌బ్యాక్ పరికరాలకూ దశాబ్దాల చరిత్ర ఉంది.

ఈ వ్యాయామాలకు అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ పేరు స్థిరపడింది. అయితే ఆయనకంటే ముందే బ్రిటన్‌లో నాట్యకారిణి మార్గరెట్ మారిస్ బాలింతలకు ఇలాంటివి నేర్పింది. కాన్పు తరువాత, ఆపరేషన్ తరువాత చేయాల్సిన వ్యాయామాల గురించి 1936లో వెలువడిన ఆమె పుస్తకంలో కటి కండరాలను బిగించి వదలడం ఉంది. ఈ చరిత్రలో ఆమెకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

కెగెల్ లాస్ ఏంజెలెస్‌లో స్త్రీల వైద్యుడు. ఈ వ్యాయామాలపై ఆయన వ్యాసం 1948లో అమెరికా ప్రసూతి వైద్య పత్రికలో వచ్చింది. కాన్పయిన స్త్రీకి కటి కండరాలను బిగించమని చెబితే ఏ కండరాన్ని బిగించాలో ఆమెకు తెలియదని ఆయన గమనించాడు. చేతి కండరమైతే కంటికి కనబడుతుంది, ఇది కనబడదు. అందుకే పెరినియోమీటర్ అనే పరికరం తయారుచేశాడు. గాలి నింపిన చిన్న రబ్బరు గదిని యోనిలో ఉంచుతారు. దాని నుంచి ఒక గొట్టం బయట ఉన్న పీడన మాపకానికి వెళ్తుంది. కండరం బిగిస్తే ముల్లు పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. రోజుకు మూడుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, ఆ ముల్లును చూసుకుంటూ చేయమనేవాడు. నిన్నటికంటే ఇవాళ ముల్లు కాస్త పైకి వెళ్లిందంటే రోగికి అంతకుమించిన ధైర్యం అక్కర్లేదు.

బయోఫీడ్‌బ్యాక్ అనే పేరు మాత్రం 1969లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో జరిగిన సమావేశంతో వాడుకలోకి వచ్చింది. అంటే పరికరం పుట్టిన ఇరవై ఏళ్లకు దానికి పేరు దొరికింది. ఆ తరువాత గాలి గది పక్కన కండరాల విద్యుత్ సంకేతాలను పట్టే సెన్సార్లు, గీతలు చూపే తెరలు చేరాయి. అమెరికా పరిశోధకురాలు క్యాథరిన్ బర్జియో బృందం 55 నుంచి 92 ఏళ్ల మధ్య ఉన్న 197 మంది స్త్రీలపై చేసిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. బయోఫీడ్‌బ్యాక్ సాయంతో కండరాల శిక్షణ పొందినవారిలో మూత్రం జారే సందర్భాలు 80.7 శాతం తగ్గాయి. మందు వాడినవారిలో తగ్గింది 68.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 39.4 శాతం. తొందర రకానికి మాత్రలే దిక్కు అనుకునే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2001 జులై నుంచి బయోఫీడ్‌బ్యాక్ ఖర్చు భరించడం మొదలుపెట్టింది. నాలుగు వారాలు క్రమంగా వ్యాయామం చేసినా గుణం కనబడనివారికే అని షరతు పెట్టింది.

ఆ షరతు సబబైనదే. 2018 నాటి కాక్రేన్ సమీక్ష 14 దేశాల్లోని 31 పరీక్షలను కలిపి చూసింది. ఒత్తిడి రకం ఉన్న స్త్రీలలో వ్యాయామం చేసినవారికి నయమైందని చెప్పే అవకాశం చేయనివారికంటే ఎనిమిది రెట్లు ఎక్కువని తేల్చింది. ఇక బ్రిటన్‌లో 600 మంది స్త్రీలతో సాగి 2020లో ఫలితాలు వెల్లడైన పరీక్షలో, మామూలు శిక్షణకు పరికరం తోడైనా రెండేళ్ల తరువాత అదనపు మేలేమీ కనబడలేదు. మరి పరికరం వృథాయా? ఇంకో పరీక్ష గుర్తుచేసుకోవాలి. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు క్లుప్తంగా మాటల్లో చెప్పి చేయిస్తే సగం మంది సరిగా బిగించలేకపోయారు. పావువంతు మంది కిందికి ముక్కుతూ, మూత్రం ఇంకా జారిపోయేలా చేశారు. దగ్గరుండి, చేత్తో పరీక్షించి, సరిదిద్దే మనిషి ఉంటే యంత్రం లేకున్నా పని జరుగుతుంది. అలాంటి మనిషి చెప్పినా ఏ కండరమో అంతుబట్టనివారికి యంత్రం దారి చూపుతుంది.

తెలుగు నేలలో ఈ విషయానికి వేరే బరువు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. గర్భసంచి తీసేశాక ఒత్తిడి రకానికి ఆపరేషన్ చేయించుకోవాల్సిన అవసరం రెట్టింపు దాటుతుందని స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం 2007లో చూపింది. రాజమహేంద్రవరం దగ్గరి కోరుకొండ వంటి ఊళ్లలో నడుం వంచి నాట్లు వేసే స్త్రీకీ, అక్కడి లక్ష్మీనరసింహస్వామి కొండ నిటారు మెట్లు ఎక్కే పెద్దావిడకూ పొత్తికడుపు మీద పడే ఒత్తిడి తక్కువేమీ కాదు. పిల్లల్ని కన్నాక ఇది మామూలేలే అని సర్దుకుపోయేవారే ఎక్కువ. కూతురికైనా చెప్పరు. అలా సర్దుకుపోవాల్సిన అవసరం లేదు. దగ్గర్లోని రాజానగరంలో వైద్య కళాశాల ఉంది, రాజమహేంద్రవరంలో ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. ఈ వ్యాయామానికి ఖరీదైన యంత్రం తప్పనిసరి కాదు.

బ్రిటన్ మార్గదర్శకాలు సూచించే మోతాదు ఇది: ఒక్కో విడతకు కనీసం ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. అపానవాయువు బయటికి పోకుండా ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగాలి. ఊపిరి బిగపట్టకూడదు, తొడలు, పిరుదులు, పొట్ట బిగుసుకోకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజువారీ వ్యాయామంగా చేయకూడదు. ప్రొస్టేట్ ఆపరేషన్‌కు వెళ్లే మగవారికీ ఈ శిక్షణ ముందుగానే నేర్పుతారు. మూత్రంలో మంట, రక్తం కనిపించినా, గర్భసంచి కిందికి జారినట్టున్నా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మూడు నెలలు సరిగా చేసినా తగ్గని ఒత్తిడి రకానికి, మూత్రనాళం కింద ఆసరాగా పట్టీ అమర్చడం వంటి ఆపరేషన్ల గురించి ఆ తరువాత ఆలోచిస్తారు.