బొమ్మ మింగిన మాట

ఐ.ఎ. రిచర్డ్స్ పేరు వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 'ప్రాక్టికల్ క్రిటిసిజం'. 1929లో వచ్చిన పుస్తకం. కవుల పేర్లు తీసేసి పద్యాలు కేంబ్రిడ్జ్ విద్యార్థుల చేతిలో పెట్టి, వాళ్ళు ఎక్కడెక్కడ తప్పటడుగులు వేశారో ఓపిగ్గా రాసిన మనిషి. మన విమర్శ వ్యాసాల్లోనూ ఆ పేరు అప్పుడప్పుడూ తగులుతుంది. అదే రిచర్డ్స్ 1942లో, యాభై దగ్గరపడుతున్న వయసులో, వాల్ట్ డిస్నీ స్టూడియోకి వెళ్ళాడు. వెళ్ళింది కవిత్వం మీద ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, తేలిగ్గా బొమ్మలు గీయడం నేర్చుకోడానికి. సినిమాతో ఇంగ్లిష్ నేర్పాలన్నది ఆయన ఆలోచన.

ఈ సంగతి నేను సాహిత్య విమర్శ చదువుతూ తెలుసుకోలేదు. మా పాప వల్ల తెలిసింది. పాపకి ఐదేళ్ళు. బళ్ళో చేర్చేటప్పుడు అక్కడి మేడమ్ చాలా మర్యాదగా ఓ సలహా ఇచ్చారు: "ఇంట్లో తెలుగు కొంచెం తగ్గించండి సార్, ఇంగ్లిష్ కార్టూన్లు పెట్టండి, అదే వచ్చేస్తుంది." తెలుగు తగ్గించడమంటే మా ఇంట్లో ఒకటే అర్థం. మా అమ్మతో పాప మాటలు తగ్గించడం. అమ్మకి ఇంగ్లిష్ రాదు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. "అదే వచ్చేస్తుంది" అన్నది నిజమేనా? ప్రోగ్రాం ఎందుకు పడిపోతోందో అర్థం కాకపోతే, ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళడం మా వృత్తిలో అలవాటు. అలా తవ్వుతూ పోయాను.

తవ్వితే మొదట తగిలింది ఎడిసన్. 1913లో ఒక పత్రికతో మాట్లాడుతూ, బళ్ళలో పుస్తకాలకి త్వరలోనే కాలం చెల్లుతుందనీ, ఇక కంటి ద్వారానే చదువంతా అనీ, పదేళ్ళలో బడి పూర్తిగా మారిపోతుందనీ అన్నాడు. అప్పటికే ఆయన సినిమా వ్యాపారంలో ఉన్నాడు కాబట్టి జోస్యం, అమ్మకం రెండూ కలిసిపోయాయి. పదేళ్ళు గడిచాయి, వందేళ్ళు కూడా గడిచాయి. పుస్తకం బళ్ళోనే ఉంది. తర్వాత రేడియో, టీవీ, వీడియో క్యాసెట్, ట్యాబ్ ఏది వచ్చినా మళ్ళీ అదే మాట వినిపించింది. తెర పిల్లల్ని లాగుతుందన్న దాంట్లో ఎవరికీ ఎప్పుడూ అనుమానం లేదు. లాగాక ఏం జరుగుతుందన్నదే ప్రశ్న.

రిచర్డ్స్ ఆ ప్రశ్నని అందరికంటే శ్రద్ధగా పట్టించుకున్నాడనిపిస్తుంది. ఆయన స్నేహితుడు సి.కె. ఆగ్డెన్ 1930లో 'బేసిక్ ఇంగ్లిష్' అని 850 మాటల భాషని తయారుచేశాడు. దాన్ని చైనాలో నేర్పాలని రిచర్డ్స్ ఏళ్ళ తరబడి తిరిగాడు. యుద్ధం వచ్చి అక్కడ పని ఆగిపోయింది. అమెరికాలో క్రిస్టీన్ గిబ్సన్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకమే తర్వాత 'ఇంగ్లిష్ త్రూ పిక్చర్స్' పేరుతో ప్రపంచమంతా తిరిగింది. అందులో మనుషులంటే పుల్లలు. గుండ్రటి తల, నాలుగు గీతలు. ఒక పుల్లమనిషి, ఒక బల్ల, బల్లమీద టోపీ. ఒక బొమ్మలో చెయ్యి టోపీకి ఇంకా దూరంగా ఉంటుంది. తీస్తాడు. ఇంకో బొమ్మలో చెయ్యి టోపీ మీద ఉంటుంది. తీస్తున్నాడు. మరోదాంట్లో టోపీ చేతిలోకి వచ్చేసింది. తీశాడు. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మారింది ఆ ఒక్కటే. వాక్యంలో మారింది కూడా ఆ ఒక్కటే. భూత భవిష్యత్ వర్తమానాలు ఒక టోపీతో అయిపోయాయి.

అంత పెద్ద స్టూడియో నుంచి వచ్చిన మనిషి ఇంత బోడి బొమ్మలు ఎందుకు గీసినట్టు? రంగులూ చెట్లూ పిట్టలూ పెడితే పిల్లలు ఇంకా సంతోషిస్తారుగా? నాకు అర్థమైనంతలో కారణం ఇది. బొమ్మ మరీ నిండుగా ఉంటే కథ బొమ్మతోనే అర్థమైపోతుంది. మాటకి చెయ్యాల్సిన పనేమీ మిగలదు. బొమ్మ మాటని మింగేస్తుంది.

ఇది నాకు స్వానుభవమే. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి 1995లో వచ్చింది. మొదట్లో అంతా ఇంగ్లిషే. సాయంత్రం కాగానే అదే చానెల్ పాత హాలీవుడ్ సినిమాల టీఎన్‌టీగా మారిపోయేది. మా ఊళ్ళో కేబుల్ అబ్బాయి ఏ రోజు ఏది ఇస్తే అది చూసేవాళ్ళం. స్కూబీ డూ, స్వాట్ క్యాట్స్, ఫ్లింట్‌స్టోన్స్... ఏళ్ళకేళ్ళు చూశాను. ఒక్క కథ కూడా అర్థం కాకుండా పోలేదు. ఒక్క ఇంగ్లిష్ వాక్యం కూడా రాలేదు. దెయ్యం ముసుగు తీసేశాక లోపలున్నవాడు కోపంగా ఏదో అంటాడు. వాడు ఏమన్నాడో నాకు ఇంజనీరింగ్‌లో చేరాక గానీ తెలీలేదు. తెలియకపోయినా అప్పట్లో ఏ లోటూ అనిపించలేదు. సమస్యంతా ఆ లోటు లేకపోవడమే.

1969 నవంబరులో అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' మొదలైంది. బడికి వెళ్ళే వయసు రాని పిల్లలకి, ముఖ్యంగా పేదింటి పిల్లలకి, అక్షరాలూ అంకెలూ నేర్పే కార్యక్రమం. పరభాషగా ఇంగ్లిష్ నేర్పేది కాకపోయినా తర్వాత పిల్లల కోసం వచ్చిన వీడియో పాఠాల మీద దాని నీడ ఉంది. ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు గమ్మత్తైన పరీక్ష ఒకటి పెట్టాడు. పిల్లని టీవీ ముందు కూర్చోబెట్టి, పక్కన ఏడున్నర సెకన్లకో బొమ్మ మారే ఇంకో తెర పెట్టాడు. పిల్ల కళ్ళు టీవీ మీంచి ఎప్పుడు పక్కకి జారుతున్నాయో రాసుకున్నాడు. కళ్ళు జారిన చోటల్లా కార్యక్రమాన్ని మార్చారు. వీధిలో మనుషులు మాత్రమే మాట్లాడుకునే దృశ్యాల్లో పిల్లల కళ్ళు జారిపోతున్నాయని తేలాకే, తోలుబొమ్మల్లాంటి మపెట్‌లు మనుషుల మధ్యకి వచ్చాయి. ఇప్పుడు మన ఫోన్లలో ప్రతి యాప్ చేసే పని దాదాపు ఇదే, కాకపోతే అక్షరాలు నేర్పడానికి కాదు.

మొదటి సంవత్సరాల అంచనాల్లో ఎక్కువ చూసిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని వచ్చింది. 1975లో థామస్ కుక్, అతని బృందం ఆ లెక్కలే మళ్ళీ తీసి చూశారు. ఆ పరిశోధనలో భాగంగా కొందరి ఇళ్ళకి మనుషులు వెళ్ళి, కార్యక్రమం చూడమని తల్లుల్నీ పిల్లల్నీ ప్రోత్సహించారు. లాభంలో మంచి భాగం ఆ రాకపోకలదేననీ, ఎవరూ చెప్పకుండా చూసిన పిల్లల్లో ఫలితం అంత లేదనీ కుక్ బృందం వాదించింది. అంటే టీవీతోపాటు ఇంటికి ఒక మనిషి కూడా వచ్చారు. సెసమీ స్ట్రీట్ వాళ్ళకీ ఈ సంగతి కొంత తెలుసు. పెద్దవాళ్ళకి మాత్రమే అర్థమయ్యే జోకులు అందులో కావాలనే పెట్టేవాళ్ళు. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చోవాలని.

1986లో బీబీసీ అచ్చంగా పిల్లలకి ఇంగ్లిష్ నేర్పడానికే 'మజీ ఇన్ గోండోలాండ్' తీసింది. మజీ అంటే గడియారాలు తినే పచ్చటి భూతం. రాజూ రాణీ, రాకుమారి సిల్వియా, తోటమాలి బాబ్, కంప్యూటర్‌తో నకిలీ సిల్వియాలని పుట్టించే కోర్వాక్స్. నా వృత్తివాడు అందులో విలన్ అన్నమాట. కథ నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోతుంది. నార్మన్ అనే ఒకడు వచ్చి, కథతో సంబంధం లేకుండా, ఒక్కో మాటని విడిగా చేసి చూపించి వెళ్తాడు. పిల్లలకి కథ ఆగిందని చిరాకే. కానీ మాట బయటికి కనిపించేది ఆ ఆగిన చోటే. నార్మన్‌ని చూస్తే నాకు రిచర్డ్స్ పుల్లమనిషి గుర్తొస్తాడు.

ఇంకోవైపు, ఏ గురువూ తలపెట్టని ఇంగ్లిష్ క్లాసు ఒకటి యూరప్‌లో నడిచింది. మాటల సినిమా వచ్చిన కొత్తలో, 1930లో ముసోలినీ ప్రభుత్వం ఇటలీ తెరల మీద పరభాష వినపడకూడదంది. 1941లో ఫ్రాంకో స్పెయిన్‌లో డబ్బింగ్ తప్పనిసరి చేసింది. సొంత భాష మీద ప్రేమ పేరుతో జరిగిన పని అది. నెదర్లాండ్స్, స్వీడన్ లాంటి చిన్న దేశాల్లో డబ్బింగ్ ఖర్చు గిట్టక కింద అక్షరాలు వేసి వదిలేశారు. డచ్ పిల్లలు పైన ఇంగ్లిష్ వింటూ, కింద డచ్ చదువుతూ పెరిగారు. 1999లో కూల్‌స్ట్రా, బెయింట్యెస్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగు, ఆరు తరగతుల పిల్లలు 246 మందితో పరీక్ష చేశారు. అక్షరాలతో ఇంగ్లిష్ కార్యక్రమం చూసినవాళ్ళు, అక్షరాలు లేకుండా చూసినవాళ్ళకంటే ఎక్కువ ఇంగ్లిష్ మాటలు పట్టుకున్నారు. సొంత భాష అడ్డు రాలేదు. ఇంకో భాష ఎక్కడానికి నిచ్చెన అయ్యింది. "తెలుగు తగ్గించండి" అన్న సలహాకి నాకు దొరికిన మొదటి జవాబు ఇది.

రెండోది 2003లో పట్రీషియా కూల్ చేసిన ప్రయోగం. తొమ్మిది నెలల అమెరికన్ పాపలకి 12 విడతల్లో చైనీస్ మాండరిన్ వినిపించారు. కొందరికి ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ, పుస్తకం చూపిస్తూ మాట్లాడారు. కొందరికి అదే మనుషుల్ని వీడియోలో చూపించారు. మనిషి దగ్గర విన్న పాపలు మాండరిన్ ధ్వనుల తేడా పట్టుకున్నారు, దాదాపు తైవాన్‌లో పెరుగుతున్న పిల్లల్లాగే. వీడియో చూసిన పాపలకి ఏమీ రాలేదు. 2018లో అదే బృందం ఇంకో మెలిక చూపించింది. పాపలు ముట్టుకుంటే నడిచే వీడియో పెట్టారు. ఒంటరిగా చూసిన పాపలకంటే, పక్కన ఇంకో పాప ఉండి చూసినవాళ్ళలో నేర్చుకున్న జాడ ఎక్కువ కనిపించింది. ఆ పక్క పాపకి కూడా మాండరిన్ రాదు.

పక్కనున్న మనిషికి ఆ భాష రాకపోయినా ఫర్వాలేదు అన్నదాన్ని ఐదేళ్ళ పిల్లకి అతికించడం శాస్త్రం కాదని తెలుసు. అయినా ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకి వీడియో పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇచ్చారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని కొన్నారు, ఎంతయింది అని లెక్కలడుగుతాం. నేనైతే ఇంకోటి కూడా అడుగుతాను. వీడియో నడుస్తున్నప్పుడు పక్కన ఎవరు కూర్చుంటారు? ఎక్కడ ఆపుతారు? ఆపి ఏం అడుగుతారు?

మా ఇంట్లో కార్టూన్లు ఆగలేదు. తెలుగూ తగ్గలేదు. చేసిన మార్పు ఒక్కటే, పాప టీవీ చూసేటప్పుడు అమ్మని పక్కన కూర్చోమన్నాను. పెప్పా పిగ్ వస్తోంది. బూట్లేసుకుని అందరూ బురదలో ఎగురుతున్నారు.

"ఏమంటోందే ఆ పందిపిల్ల?" అంది అమ్మ.

"మడ్డీ పడిల్స్ అంట నానమ్మా."

"అంటే?"

పాప నోరు తెరిచి ఆగిపోయింది. ఆ మాట అది అప్పటికి ఎన్నో వందలసార్లు విని ఉంటుంది, పాటలా అనేది కూడా. అర్థం చెప్పాల్సిన అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు. రిమోట్ అందుకుని బొమ్మని తనే ఆపింది.

"వాన పడితే మన గేటు ముందు ఉంటాయి చూడు... గుంటలో నీళ్ళు. మొన్న నీ చెప్పు తడిసింది కదా, అది."

"ఓహో, అదా," అంది అమ్మ. "మరి బూట్లు ఎవరు కడుగుతారంట?"

దానికి జవాబు ఆ బొమ్మలో లేదు. పాప మళ్ళీ ఆలోచనలో పడింది.